కొబ్బరికాయ కొట్టి కొన్న ఫియట్

ముంబై దగ్గరి భివండీలో మా వాళ్లు సాంచెలు కొనే పద్ధతి ముందు చెప్పాలి. అది తెలియకపోతే మల్లవ్వ అన్ని తిప్పలు ఎందుకు పడిందో అర్థం కాదు. సాంచె అంటే పవర్‌లూమ్. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు ఏ సేఠ్ దగ్గరో ఏళ్ల తరబడి నేసి, చివరికి నాలుగు పాత సాంచెలు కొనుక్కునే రోజు వస్తే, ఆ రోజు కాగితం ముట్టరు. పసుపు, కుంకుమ, ఒక కొబ్బరికాయ తెస్తారు. అమ్మేవాడు నాడెను, అంటే షటిల్‌ను, రెండు చేతులతో కొనేవాడి చేతిలో పెడతాడు. కొనేవాడు దాన్ని కళ్లకద్దుకుని సాంచె కాళ్ల దగ్గర కాయ కొడతాడు. చుట్టూ ఉన్నవాళ్లకు తలా ఒక ముక్క. ముక్క తిన్నవాళ్లందరూ ఆ అమ్మకానికి సాక్షులే.

కరెంటు మీటరు మాత్రం ఎప్పుడో మాలేగావ్ వెళ్లిపోయిన మనిషి పేరుతోనే ఉంటుంది. బిల్లు అతని పేరుతో వస్తుంది, వీళ్లు కడతారు. మా పేట కనేరిలో కిరాణా దుకాణం పెట్టిన కొత్తలో నేను ఇదేం పద్ధతని అందరితో వాదించేవాణ్ణి. "ఇన్నేండ్ల సంది ఎవడన్న మాట తప్పిండా?" అని నన్నే నిలదీసేవారు. నిజమే, ఎవరూ తప్పలేదు. అందుకే నోరు మూసుకుని ఉప్పూ పప్పూ అమ్ముకున్నాను.

కోడం గాలయ్య మా గల్లీ మనిషి. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి ధీరజ్‌లాల్ సేఠ్ కార్ఖానాలో నేతగాడిగా చేరాడు, తర్వాత అక్కడే సాంచెలు బాగుచేసే జాబర్ అయ్యాడు. ఒకరోజు సాంచెలో పరుగెత్తే నాడె ఎగిరొచ్చి అతని కనుబొమ్మ మీద తగిలింది. రక్తం ఆగకపోతే సేఠ్ తన తెల్ల ఫియట్ వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. కుట్లు పడ్డ మనిషి నొప్పి గురించి చెప్పుకోవాలి కదా, గాలయ్య ఇంటికొచ్చి కారు గురించి చెప్పాడు. "గుంతలల్ల పోయినా కడుపుల నీళ్లు కదలలేదే" అన్నాడట భార్య మల్లవ్వతో. అతను కారెక్కడం అదే మొదటిసారి.

కాలక్రమాన నాగావ్‌లో ఎనిమిది సాంచెలకు యజమాని అయ్యాడు. 1993లో సేఠ్ కొత్త కారు తీసుకుంటున్నాడని తెలిసి, పాత ఫియట్ తనకే కావాలని వెళ్లి అడిగాడు. ధర మొత్తం ఒకేసారి సేఠ్ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత చేసిన పని మాత్రం మా వాళ్లు తప్ప ప్రపంచంలో ఇంకెవరూ చేయరు. సాంచె కొన్నట్టే కారు కొన్నాడు. ముందు చక్రం దగ్గర కాయ కొట్టాడు. సేఠ్ తాళంచెవి రెండు చేతులతో ఇస్తే కళ్లకద్దుకున్నాడు. వెంట వెళ్లిన ఆగయ్య కొబ్బరి ముక్క తిన్నాడు. ఆగయ్య గాలయ్యకు వరసకు తమ్ముడు, పక్క కార్ఖానాలోనే నాలుగు సాంచెల ఆసామి. ఆర్సీ బుక్కు సేఠ్ పేరుతో ఉన్నది ఉన్నట్టే ఇంటికి వచ్చి మార్కండేయుని ఫోటో వెనక చేరింది.

"పేరు మార్పిచ్చుకోరాదే" అని నేను ఒకసారి అన్నాను.

"మీటరు మార్పిచ్చిన్నా, ఇది మార్పియ్య?" అన్నాడు.

ఇన్సూరెన్సు ఏటేటా ధామన్‌కర్ నాకా కూడలి దగ్గరి ఏజెంటు పాత కాగితం చూసి సేఠ్ పేరుతోనే కొత్తది రాసిచ్చేవాడు. పాత బండి కాబట్టి టాక్సు కూడా ఏటేటా కట్టాల్సిన రకం. అదీ సేఠ్ పేరుతోనే కట్టేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. కార్ఖానాలో మిగిలిన బట్ట ముక్కలతో బండిని రోజూ తుడిచేవాడు. మా వాళ్ల పెళ్లిళ్లలో పెళ్లికొడుకు ఊరేగేది ఆ ఫియట్‌లోనే, దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. నడపడం మాత్రం చెప్పకూడదు. అతను ధామన్‌కర్ నాకా దాటేలోపు నడిచి వెళ్లేవాళ్లు కనేరి చేరేవారు. దసరా నాడు సాంచెలకూ కారుకూ పూజ చేసి ఎక్కడికో వెళ్లి పొద్దుగూకేసరికి వచ్చేవాడు. ఎక్కడికని అడిగితే "సేటు ఇంటికి" అనేవాడు. వ్యాపారం పనేమోనని మల్లవ్వ అనుకునేది.

2002 ఎండాకాలంలో కామెర్లు ముదిరి గాలయ్య పోయాడు. అంతకు ముందు ఏడాదే ధీరజ్‌లాల్ సేఠ్ కూడా పోయాడని తెలుసు.

కొడుకు ముఖేష్ సాంచెలు చూసుకున్నాడు, కారు కూడా నడిపాడు. కాగితాల గడువు ఎప్పుడన్నది గాలయ్య తలలోనే ఉండేది, తలతోపాటే పోయింది. ఆ చలికాలం ధామన్‌కర్ నాకాలో ట్రాఫిక్ పోలీసు బండి ఆపాడు. ఇన్సూరెన్సు లేదు, టాక్సు లేదు, బుక్కులో పేరు ధీరజ్‌లాల్. ధీరజ్‌లాల్ ఎక్కడున్నాడంటే చనిపోయాడన్నాడు ముఖేష్. కొన్న కాగితం ఏదంటే లేదన్నాడు. ఎట్లా కొన్నారంటే, కుర్రవాడు ఉన్నమాటే చెప్పాడు, కొబ్బరికాయ కొట్టి కొన్నామని. పోలీసు అందులో తప్పుగా ఏమీ అనలేదు. ఇది నీ బండి కాదు, ఎవరిదో వాళ్లని తీసుకురా అని మాత్రం చెప్పి బండిని చౌకీ వెనక ఆవరణలో పెట్టించాడు. ఆటోవాళ్లు, మా వాళ్లు పదిమంది నిలబడి చూశారు.

పదిమంది చూస్తే చాలు, కనేరి మొత్తం చూసినట్టే. ఆ వారంలోనే ఎవరింట్లోనో బారసాలకు మల్లవ్వ వెళ్లింది. అక్కడ లక్ష్మవ్వ, ఆమె గాలయ్యకు పెద్దమ్మ కూతురు, వక్కపలుకు కొరుకుతూ, "అంటే మా తమ్ముడు ఇన్నేండ్లు సేటు బండినే మాదని తిప్పిండన్నట్టు" అంది. అందరూ నవ్వలేదు గానీ ఒకరిద్దరు నవ్వారు. మల్లవ్వ భోజనం చేయకుండా లేచి వచ్చింది. నా దుకాణం ముందు ఆగి, ఏమీ కొనకుండా, నాకు ఆ మాట చెప్పి వెళ్లింది. మొగుడు పోయినప్పుడు కూడా ఆమె ముఖం అట్లా లేదు. లక్ష్మవ్వ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ముఖేష్ లెక్క వేరు. "పోనీ అమ్మా, ఛోడ్ దే. దాని మీద పెట్టే ఖర్చుకు ఇంకో బండి వస్తది" అన్నాడు.

"బండి రాకుంటె రాకపాయె. మీ బాపు మందిది తిప్పిండన్న మాట పోవాలె" అంది మల్లవ్వ.

ఆమెకు కావలసింది అదొక్కటే. అది ఏ ఆఫీసులోనూ ఇచ్చే వస్తువు కాదని అప్పటికి ఆమెకు తెలియదు, నాకు తెలిసినా చెప్పలేదు.

అప్పటిదాకా మల్లవ్వ జీవితమంతా నూలు కండెలు చుట్టడంలో గడిచింది. పొద్దున వంట, మధ్యాహ్నం నుంచి కండెలు. ఇరవై ఏళ్లలో ఠాణే వెళ్లింది రెండుసార్లో మూడుసార్లో. ఇప్పుడు కూతురు కోమల్‌ని వెంటపెట్టుకుని బయల్దేరింది. కోమల్ మరాఠీ బడిలో పది పాసైన పిల్ల, తల్లికి నోరూ కళ్లూ తనే. ముందు ఇన్సూరెన్సు ఏజెంటు దగ్గరికి వెళ్లారు. చనిపోయిన మనిషి పేరు మీద తెలిసి తెలిసి రాయనని, ముందు బండి పేరు మార్పించుకు రమ్మని అన్నాడు. ఠాణే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లారు. ఇన్సూరెన్సు లేకుండా పేరు మారదని, ముందు అది కట్టి రమ్మని అన్నారు. టాక్సు విషయంలో మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. టాక్సు ఎవరు కట్టినా తీసుకుంటారు. జరిమానాతో సహా కట్టేసి వచ్చింది.

"గీడికెళ్లి గాడికి, గాడికెళ్లి గీడికి. సాంచెల నాడె తీర్గ తిప్పుతున్నరన్నా" అంది నాతో.

చివరికి ఆర్టీఓ దగ్గరి గుమస్తానే దారి చెప్పాడు. పుస్తకంలో ఉన్న మనిషి పోతే బండి అతని భార్యకో పిల్లలకో వస్తుంది. వాళ్లు ఒప్పుకుని సంతకం పెడితే ఇన్సూరెన్సూ అవుతుంది, పేరూ మారుతుంది. వాళ్లు మాదే అంటే మాత్రం ఎవరూ చేయగలిగింది లేదు. అంటే మొత్తం కథ ముంబై ఘాట్కోపర్‌లో ఉన్న సేఠ్ కొడుకు హస్ముఖ్ నోటిమాట మీద నిలబడింది.

ఆగయ్య సాక్షిగా వస్తానన్నాడు. కొబ్బరి ముక్క తిన్న ఒకే ఒక్క మనిషి అతను. ముగ్గురూ ఒక ఆదివారం వెళ్లారు. అక్కడ జరిగింది తర్వాత ఆగయ్య చెప్పగా విన్నదే.

హస్ముఖ్ మర్యాదస్తుడే. కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. విషయం విన్నాక ముఖం మారింది. "తొమ్మిదేళ్లు మా నాన్న పేరు మీద నడిపారు. ఎవరినైనా గుద్ది ఉంటే కోర్టు కాగితం ఎవరింటికి వచ్చేది?" అని హిందీలో అడిగాడు. ఆ ఆలోచన భివండీలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే సాంచె ఎవరినీ గుద్దదు. ఆగయ్య గొంతు సవరించుకుని కాయ కొట్టిన సంగతి, తాళంచెవి రెండు చేతులతో ఇచ్చిన సంగతి చెప్పాడు. తను ముక్క తిన్నానని కూడా చెప్పాడు. హస్ముఖ్‌కు నవ్వొచ్చింది. నాన్న నాకేమీ చెప్పి పోలేదు, కొబ్బరికాయ చూసి సంతకం ఎట్లా పెట్టను, వకీలుని అడిగి చెబుతాను అన్నాడు.

అంటే లేదని చెప్పడమే. మల్లవ్వ లేచింది. చెప్పులు వేసుకోబోతుంటే లోపలి గదిలోంచి సేఠాణీ వచ్చింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే ముసలావిడ. ఎవరు వీళ్లని కొడుకుని అడిగింది. భివండీ నుంచి, ఫియట్ గురించి అన్నాడు.

సేఠాణీ మల్లవ్వను చూసి, "గాలయ్య ఇంటివాళ్లా? మొన్న దసరాకు రాలేదేం?" అంది.

కోమల్ చెప్పింది, బాపు లేడని. సేఠాణీ అక్కడున్న కుర్చీలో కూర్చుండిపోయింది. అప్పుడు ఆవిడ చెప్పిందాన్నిబట్టి మల్లవ్వకు తన మొగుడి సంగతి కొంత తెలిసింది. ఏటా దసరా నాడు గాలయ్య పూజ చేసిన కొబ్బరి చిప్ప, జమ్మి ఆకు పట్టుకుని ఆ ఫియట్‌లోనే వచ్చేవాడట. వాళ్లు భివండీ వదిలి ఘాట్కోపర్ వచ్చాక కూడా, అంత దూరం, ఆ నత్తనడక డ్రైవింగుతో. సేఠ్ మెట్లు దిగి వెళ్లి బండి చుట్టూ తిరిగి చూసి, నీ బండిని నాకంటే బాగా చూసుకుంటున్నావని అనేవాడట. సేఠ్ పోయాక వచ్చిన దసరాకు కూడా వచ్చి, ఫోటో ముందు చిప్ప పెట్టి వెళ్లాడట. పోయినసారి ఎవరూ రాకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకుందట.

"పరాయివాళ్ల బండికి ఎవరన్నా పూజ చేసి ప్రసాదం తెస్తారా? కొన్నవాడే తెస్తాడు" అని కొడుకుతో గుజరాతీలో అంది. కోమల్‌కు ఆ ముక్క అర్థమై తల్లికి చెప్పింది. మల్లవ్వ చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడే ఏడ్చింది. కర్మకాండలన్నిటిలోనూ అట్లా ఏడ్వలేదని ఆగయ్య అన్నాడు.

హస్ముఖ్ ఇంకేమీ వాదించలేదు. తల్లి మాట దాటే మనిషిలా లేడు. మర్నాడే వకీలుతో కాగితాలు రాయించి, తల్లి చేత సంతకం పెట్టించి, తనూ పెట్టాడు. ఇన్సూరెన్సు కట్టారు. సేఠాణీ రాసిచ్చిన చీటీ చూసి చౌకీలో బండిని వదిలారు. ముఖేష్ బ్యాటరీ మార్చి, టైర్లకు గాలి కొట్టించి నడుపుకొచ్చాడు. దుమ్ము ఎంత పట్టిందంటే, మల్లవ్వ దాన్ని కడిగిన నీళ్లు నా దుకాణం మెట్ల దాకా వచ్చాయి. తిట్టలేదు, నేనే కడుక్కున్నాను.

ఇక్కడితో అయిపోవాలి. కానీ అసలు చిక్కు ఆర్టీఓలో బయటపడింది. గుమస్తా క్రమం చెప్పాడు. ముందు బండి ధీరజ్‌లాల్ పేరు నుంచి అతని భార్య పేరుకు ఎక్కుతుంది. తర్వాత ఆమె పేరు నుంచి మల్లవ్వ పేరుకు. రెండూ అవుతాయి, కొంచెం రోజులు పడుతుంది.

"మరి ఆయన పేరేది?" అంది మల్లవ్వ.

కోమల్ మరాఠీలో అడిగింది. గుమస్తాకు అర్థం కాలేదు. ఎవరి పేరు? గాలయ్య పేరు. అతను ఎవరు? వీళ్ల నాన్న, కొన్నది ఆయనే. ఉన్నాడా? లేడు. గుమస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చనిపోయినవాడి పేరు మీదికి బండి ఎక్కించడం ఈ ఆఫీసులో కుదరదు, ఏ ఆఫీసులోనూ కుదరదు అన్నాడు. మల్లవ్వ వినలేదు. తన పేరు వద్దని, కొన్న మనిషి పేరు నడుమ ఒక్కరోజన్నా రాయమని, ఆ తర్వాత ఎవరి పేరైనా రాసుకోమని అంది. వెనక వరుసలో జనం విసుక్కున్నారు. కోమల్‌కు సిగ్గేసింది. "అమ్మా బస్, ఆయనకు అధికారం లేదంట, చల్ ఇంటికి పోదం" అని చేయి పట్టి లాగింది.

ఆ సాయంత్రం నా దుకాణం ముందు బస్తా మీద కూర్చుంది. "బండి నాది ఐతదట. బుక్కుల సేటు పేరు, సేటు పెండ్లం పేరు, నా పేరు. ఆయన ఏడ లేడన్నా. అప్పుడు లక్ష్మవ్వ అన్నదే నిజమైనట్టు గదా" అంది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. గాలయ్య బతికుండగా పట్టించుకోని పేరు, పోయాక ఎవరు రాస్తారు? మనసులో గాలయ్య మీదే కోపం వచ్చింది.

బండి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చు పట్టుకెళ్లారు. ఫోటోలు దిగింది. వేలిముద్రలు వేసింది. ఉత్సాహమేమీ లేకుండా, మొదలుపెట్టిన పని కాబట్టి చేసింది. కొన్నాళ్లకు బుక్కు తీసుకుపొమ్మని కబురొస్తే తల్లీకూతుళ్లు వెళ్లారు. కోమల్ కిటికీ దగ్గర అందుకుని, బయటికి నడుస్తూ పేజీ తిప్పి చూసి, ఆగిపోయింది.

మహారాష్ట్రలో పేరు రాసే తీరు మనలాగ కాదు. మనకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు తర్వాత. ఇక్కడ పెళ్లైన ఆడదాని పేరు రాస్తే ముందు ఆమె పేరు, నడుమ మొగుడి పేరు, చివర ఇంటిపేరు. ఎవరూ అడగనక్కర్లేదు, గుమస్తాల చేయి అట్లాగే పోతుంది. కోమల్ పేరు కూడా బడి రిజిస్టర్లో మొదటినుంచీ తండ్రి పేరు నడుమ పెట్టుకునే ఉంది. రోజూ చూసేదే కాబట్టి ఆ పిల్లకు అది ఎన్నడూ పేరులా కనబడలేదు.

"ఏమైందే, తప్పు రాసిండ్రా?" అంది మల్లవ్వ.

"తప్పు లేదమ్మా. నడిమిట్ల బాపు ఉన్నడు" అంది కోమల్.

మల్లవ్వకు చదువు రాదు. ఎక్కడ అని అడిగి, కూతురు చూపించిన చోట వేలు పెట్టి, ఆ వేలు తీయకుండా బస్‌స్టాండు దాకా నడిచింది.

ఇంతా చూశాక మా వాళ్లు మారారేమో అనుకుంటే పొరపాటు. ఆ నెలలోనే ఆగయ్య ఇంకో రెండు సాంచెలు కొన్నాడు. నన్ను కూడా పిలిచాడు. పసుపు, కుంకుమ, కాయ. కాగితం ఏదిరా అంటే, "సాంచె రోడ్డు మీదికి పోతదానే?" అన్నాడు. ముక్క తీసుకుని తిన్నాను, ఇప్పుడు నేనూ సాక్షినే.

ఆ ఏడు దసరా నాడు పూజయ్యాక ముఖేష్ ఫియట్‌ను ఘాట్కోపర్ తీసుకెళ్లాడు, వెనక సీట్లో కొబ్బరి చిప్ప ఒళ్లో పెట్టుకుని మల్లవ్వ, పక్కన కోమల్. వచ్చేటప్పుడు లక్ష్మవ్వ గల్లీ ముందు ఆపమంది. జమ్మి ఆకు ఇచ్చి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుని, అరుగు మీద కూర్చుంది. లక్ష్మవ్వ చాయ్ తెచ్చింది. మల్లవ్వ కొంగులోంచి ఆర్సీ బుక్కు తీసి కూతురి చేతికిచ్చింది.

"మీ అత్తకు చదివి చెప్పు బిడ్డా, బండి ఎవల పేరు మీద ఉన్నదో."

"మల్లవ్వ గాలయ్య కోడం" అని చదివింది కోమల్.

మల్లవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి, "నడిమి పేరు ఇంకోసారి చదువు" అంది.